మ్యాప్‌లో మా టెంటు జాగా

శుక్రవారం రాత్రి, ఉమ్ సలాల్

చలికాలం ఎడారిలో టెంటు వేసుకునే అనుమతి కోసం పోయిన ఏడాది దాకా నేను డ్రైవరుగా చేసే అరబ్బు ఇంటి పెద్దాయనే ఆఫీసుకు వెళ్లి, మ్యాప్‌లో తన జాగా వేలుపెట్టి చూపించి వచ్చేవాడు. ఈసారి అంతా ఫోన్‌లోనే. ముందు ఎవరు నొక్కితే జాగా వాళ్లదే.

పొద్దున ఆయన కూతురు మరియం మేడమ్ ఫోన్ తెరిచింది. తెర నిండా ఇసుక, దాని మీద నంబర్ల గళ్లు. పెద్దాయనకు చూపు ఆనడం లేదు. ఆమె ఒక గడి నొక్కబోతుంటే నేను ఉండబట్టలేక, అది కాదంటూ "మేడమ్, యే నహీ!" అనేశాను. డ్రైవర్ని, అడ్డుపడవచ్చా అని వెంటనే ఒక అడుగు వెనక్కి వేశాను. ఆమె ఫోన్ నా చేతికే ఇచ్చింది. బొమ్మ పెద్దది చేస్తే దారి మలుపు, పక్కన రెండు రేగుచెట్లు కనిపించాయి. తొమ్మిది చలికాలాలు నేను మేకులు దిగగొట్టిన నేల అది. నొక్కాను. దొరికింది!

తరువాత జాగా చూసుకునే మనిషి పేరు రాయమంది ఫోను.

"లింగన్న. ఔర్ కౌన్?" అన్నాడు పెద్దాయన, ఇంకెవరన్నట్టు.

నా పేరు నేనే టైపు చేశాను.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నా భార్య లక్ష్మి ఒకటే నవ్వు. ఆమెకు అరబ్బు దేశాలన్నీ దుబాయే. "ఊర్ల మనకు గుంట భూమి లేదు గని, దుబాయ్‌ల నీ పేరు మీద జాగ వచ్చిందా?"

"నా పేరు మీద కాదే, అండ్ల నా పేరు గూడ ఉన్నది," అన్నాను.

వచ్చే ఏడు ఫోనే ఆ గడిని గుర్తుపెట్టుకుంటుందట. అప్పుడు నన్ను అడిగే పని ఉండదేమో... ఉండకపోనీ. ఈసారి మాత్రం గుర్తుపట్టింది నేనే.