బావగారి విమానం, నా పళ్ల మిషను

శ్రీవారికి,

మీ భార్య కాస్త కోపంగానే కూర్చుని రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అన్నగారు మరీ బాగున్నారు, ఈ మధ్య బుగ్గలు కూడా వచ్చాయి. అక్కడ ఆ సొరంగం పనిలో మీరూ మీ ఊపిరితిత్తులూ క్షేమమని తలుస్తాను. దుమ్ముకి దగ్గు వస్తోందని రాశారు, ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే ఊపిరాడటం లేదని కూడా మీరే రాశారు. దుమ్ము పీలిస్తే బాగా ఆడుతుంది కాబోలు. కట్టుకోండి. సరుకుల బండి డ్రైవరు రేపు కొండ ఎక్కుతానన్నాడు, అతని చేతికి ఈ ఉత్తరంతో పాటు దగ్గు మందు కూడా ఇస్తున్నాను.

మీరడిగిన వాటికి వరసగా జవాబులు చెప్తాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గింది. ఎందుకు తగ్గిందో తర్వాత చెప్తాను, అది మందుల వల్ల కాదు. వంటింటి సింకు కింద కారే పైపు బాగయింది. మీ అన్నగారు బాగుచేస్తానని రెంచీ పట్టుకుని ఒక పూటంతా దాని కింద పడుకున్నారు, లేచేసరికి రెండు చోట్ల కారడం మొదలుపెట్టింది. మర్నాడు ప్లంబర్ని పిలిచాను.

ఇక మూడోది, మీకు అన్నిటికన్నా ముఖ్యమైనది. "అన్నయ్యకి మనింట్లో ఇబ్బందేమీ లేదు కదా, వాడు నోరు తెరిచి ఏదీ అడగడు, నువ్వే కనిపెట్టి చూసుకో" అని రాశారు. నోరు తెరిచి అడగరా? ఆయన నిద్రలో తప్ప నోరు మూయగా నేను చూడలేదు. ఇంటి పైకప్పు రిపేరు, రెండు వారాలు సర్దుకోండమ్మా అంటూ పెట్టె దింపిన మనిషి. తోడికోడలు అక్కయ్య తెలివైనది, ఆ రెండు వారాలకీ కూతురింటికి వెళ్లింది, పని అవగానే తన ఇంటికి తను చేరుకుంది. ఆయన మనింట్లో ఉండగానే ఒకసారి ఫోన్లో చెప్పింది, పైకప్పు అయిపోయి చాలా కాలమైందట. "ఆయన ఇంకా మీ ఇంట్లోనే ఉన్నారా? నేను గుర్తు చేయలేదులే" అంది. ఆవిడ గొంతులో అంత హాయి నేను ఎప్పుడూ వినలేదు.

మీ అన్నగారు విమానాశ్రయంలో పాతికేళ్లు పనిచేశారు. నిజమే. ప్రయాణికుల పెట్టెలకి చీటీలు అంటించే పని. అందులో తప్పు లేదు, చీటీలు సరిగ్గా అంటించకపోతే మనుషులొక చోటా బట్టలొక చోటా దిగుతారు. కానీ స్వచ్ఛందంగా పని మానేసిన రోజు నుంచి ఆయన తనని కెప్టెన్ అని పిలవమంటున్నారు. పాలవాడు కూడా పిలుస్తున్నాడు. వాడు వెటకారంగా పిలుస్తున్నాడన్న సంగతి ఆయనకి ఇంకా తట్టలేదు.

ఈ మధ్యంతా ఆయన దినచర్య ఒకటే. పొద్దున్నే నేను కట్టుడు పళ్లు చేసుకునే ల్యాబు గదిలోకి వచ్చి నా కుర్చీలో కూర్చునేవారు. కింద పైజామా, మెడలో పాత ఉద్యోగం నాటి టై. ఇంట్లో రెండు కంప్యూటర్లున్నా ఆయనకి నాదే కావాలి, ఎందుకంటే విమానం ఆట పాతదాని మీద కదలదు. పన్ను బొమ్మని అన్ని వైపులా తిప్పి చూసుకోవాలని, మంచి గ్రాఫిక్స్ కార్డు వేయించి నేను కొనుక్కున్నది ఆయన విమానానికి సరిపోయింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి, కాసేపట్లో బయలుదేరబోతున్నాం" అని గట్టిగా చెప్పేవారు. ఆ ప్రయాణికులు మీ అమ్మగారు. వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడని కూర్చోబెట్టి, నడుము చుట్టూ తువ్వాలు బిగించి కుర్చీకి ముడేసేవారు, బెల్టన్నమాట. మోకాలి నొప్పి అలా తగ్గింది. పగలంతా కట్టేసి కూర్చోబెడితే ఎవరికైనా తగ్గుతుంది.

"ఎక్కడిదాకా వచ్చాంరా?" అని ఆవిడ కునికిపాట్లు పడుతూ అడిగేవారు.

"మబ్బుల్లో ఉన్నామమ్మా."

అబద్ధమేమీ కాదు, ఆయన పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నారు.

విమానం ఎగరేయడం వచ్చు గానీ దింపడం రాదు. రోజూ ఏదో ఒక కొండనో సముద్రాన్నో గుద్దేవారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా నా కంప్యూటరుది. నత్తనడక నడుస్తోందట, దిగే వేళకి రన్‌వే ముక్కలు ముక్కలుగా కనిపిస్తోందట. దానికి మందు కూడా ఆయన దగ్గరే ఉంది. టాస్క్ మేనేజర్ తెరిచి, కంప్యూటర్లో వెనకాల ఏమేం నడుస్తున్నాయో ఆ పట్టీ అంతా పైనుంచి కిందకి చూసి, అక్కర్లేనివి ఆపేయడం. అక్కర్లేనిది ఏదో ఎలా తెలుస్తుంది? చాలా సులువు. ఆయనకి తెలియని పేరు కనబడితే అది అక్కర్లేనిది. "ఇదెవడమ్మా, ఏ పనీ చేయకుండా కూర్చుని మెమరీ తినేస్తున్నాడు" అని నొక్కేసేవారు. అద్దం ముందు నిలబడినప్పుడు ఆయనకి ఆ ప్రశ్న ఎందుకు రాదో మరి.

ముందు ప్రింటరు పోయింది. తర్వాత వైరస్‌ల నుంచి కాపాడేది పోయింది. తర్వాత శబ్దాలు చూసుకునేది ఆపేశారు, ఆ పూటంతా నిశ్శబ్దంగా ఎగురుతూ "ఈ ఇంజన్లు ఎంత మెత్తగా నడుస్తున్నాయో చూడమ్మా" అని నన్ను పిలిచి మరీ చూపించారు. ఇంకో రోజు కంప్యూటరుకి ప్రాణమైనదాన్నే ఆపేస్తే తెర నల్లబడింది, కరెంటు వాళ్లని తిట్టారు. పక్కన లైటు వెలుగుతూనే ఉంది. అంతవరకూ నేను నవ్వుకున్నాను. మీ అన్నగారి మీద కోపం తెచ్చుకోవడం కూడా ఆయనకి గౌరవం ఇచ్చినట్టే అనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. రేడియోలో వార్తలు చదివే ఆయన ఒకరు సైకిలు మీంచి పడి ముందు పళ్లు మూడు పోగొట్టుకున్నారు. నాకు పని పంపే పళ్ల డాక్టరమ్మ పెట్టిన తాత్కాలికపు పళ్లతో 'స' అన్నప్పుడల్లా ఈల వస్తోంది. ఆయన బదులు ఇంకెవరో చదువుతున్నారు, సోమవారానికి రాకపోతే ఆ కుర్చీ ఆ కొత్త మనిషికే అన్నారట. డాక్టరమ్మ ఆ పని నాకిచ్చింది. ఆయన నవ్విన పాత ఫొటోలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. పన్ను తెల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. చిగుళ్ల దగ్గర పసుపు, అంచున అద్దంలా కాస్త నీలం. ఆయన పళ్లలో ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉండేది, దాన్ని అలాగే తిప్పి పెట్టాను, లేకపోతే ఆ నవ్వు ఆయనది కాదు.

కంప్యూటర్లో పళ్ల బొమ్మ పూర్తయ్యాక మిషను పింగాణీ బిళ్లలోంచి పళ్లని చెక్కుతుందని మీకు తెలుసు. ఏ చోట ఎంత చెక్కాలో ఒక చిన్న ప్రోగ్రాము కంప్యూటర్లో వెనకాల నడుస్తూ దానికి ముక్క ముక్కగా చెబుతూ ఉంటుంది. తెర మీద కనబడదు. మధ్యలో అది ఆగిపోతే చెక్కుతున్న చోటే సూది ఆగిపోతుంది, బిళ్ల పనికిరాకుండా పోతుంది. ఇదంతా మీకు కొత్తగా ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆ రోజు మిషను మొదలుపెట్టి డాక్టరమ్మ క్లినిక్కుకి వెళ్లాల్సి వచ్చింది. "బావగారూ, ఇవాళ కంప్యూటరు ముట్టుకోకండి, మిషను నడుస్తోంది" అని ఒకటికి రెండు సార్లు చెప్పాను.

"అయ్యో, నేనెందుకు ముట్టుకుంటానమ్మా" అన్నారు.

తిరిగి వచ్చేసరికి గదిలో చప్పుడు లేదు. మిషను తలుపు తీస్తే సూది విరిగి నడిమి పంటిలో దిగబడి ఉంది. కెప్టెన్ గారు టై కట్టుకుని ఆకాశంలో ఉన్నారు.

"మిషను ఎందుకు ఆగింది, బావగారూ?"

"ఆగిందా? దాని జోలికే పోలేదమ్మా నేను. అదెక్కడ, నేనెక్కడ."

"వెనకాల ఏమైనా ఆపారా?"

"ఆ, రెండు మూడు దండగవి. ఇలా చూడు, రన్‌వే ఎంత నున్నగా కనిపిస్తోందో."

"అందులో ఒకటి నా మిషనుది."

"అదా? పరవాలేదులే, తమ్ముడే చెప్పాడు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు పక్కన కూర్చుని నేర్పింది వాడే కదా. 'అది మా ఆవిడ పళ్లదిలే అన్నయ్యా, ఆపెయ్, తర్వాత మళ్లీ పెట్టుకుంటుంది' అన్నాడు."

ఆ మాట అన్నది మీరు. ఆ ప్రోగ్రామును ఆ కంప్యూటర్లో ఎక్కించింది మీరే, ఆగితే ఏమవుతుందో నాకు వివరించింది మీరే. మీ అన్నగారు తెలియక ఆపారు. తెలివి లేనివాళ్ల మీద నాకు ఎప్పుడూ చిరాకే గానీ, అది కాఫీ తాగితే పోయే చిరాకు. మీరు తెలిసి ఆపమన్నారు, అన్నయ్య ముందు కాస్త ఉదారంగా కనబడాలని, నా పనిని ఆయన ఆటకి కాలి కింద పీటగా వేశారు. ఆ నిమిషాన మీరు నా కళ్లకి చాలా చిన్నగా కనిపించారు. రాయడానికి నాకేమీ సంతోషంగా లేదు, కానీ అదే నిజం.

నేను వంగి అదే పట్టీ తెరిచాను. ఆయన విమానం పేరు వెతికి దాని మీద నొక్కాను. తెర ఖాళీ అయిపోయింది.

"అమ్మాయ్, గాల్లో ఉన్నాం" అన్నారు బావగారు, నిజంగానే కుర్చీ చేతులు పట్టుకుని.

అత్తయ్యగారు ఉలిక్కిపడి కళ్లు తెరిచి, "దిగామా?" అన్నారు.

"దిగాం అత్తయ్యా" అని తువ్వాలు ముడి విప్పాను.

డాక్టరమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అరవలేదు, అరిచినా బాగుండేది. "నీ చెయ్యి మంచిది. కానీ నీ ఇంట్లో మిషను మీద విమానాలు ఎగురుతుంటే నా పేషెంట్ల పని నేనెలా నమ్మి పంపను? ఈ ఒక్కటీ చూస్తాను. ఇది రాకపోతే ఇకమీదట పనంతా పెద్ద ల్యాబుకి వెళ్లిపోతుంది" అంది. ఆ పని పోతే నా ల్యాబు మూతపడినట్టే. నా చేతికి ఇక మిగిలేది గరిటె ఒక్కటే.

ఇక్కడ మీకు ఇంతసేపూ చెప్పకుండా దాచిన మాట ఒకటుంది. ఈ ఉత్తరం నేను ఇంటి నుంచి రాయడం లేదు. క్లినిక్కు వెనకాల, పాత కుర్చీలు పడేసే గది ఒకటుంటే డాక్టరమ్మని అడిగి తీసుకున్నాను. ఆ సాయంత్రమే బండి పిలిచి కంప్యూటరూ మిషనూ పళ్లు కాల్చే కొలిమీ ఎక్కించేశాను. ఎవరినీ అడగలేదు. మిమ్మల్ని అడిగితే సర్దుకుపొమ్మంటారు, ఆ ముక్క మీ ప్రతి ఉత్తరంలోనూ ఉంది. మీ అన్నగారికి మన పాత కంప్యూటరు వదిలి వచ్చాను. దాని మీద విమానం లేవదు, పేకాట ఆడుకోవచ్చు.

మీ అమ్మగారిని ఒంటరిగా వదిలేశానని కంగారు పడకండి. బండి కదిలే ముందు చేతిలో సంచితో వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ప్రేమతో అనుకునేరు, పెద్దకొడుక్కి అన్నం వండటం రాదని ఆవిడకన్నా బాగా ఎవరికి తెలుసు. "వాడు ఆకలేస్తే వాడి పెళ్లాం దగ్గరికి పోతాడులే" అన్నారు. నాలుగో రోజున వెళ్లారట. ఇప్పుడు ఆవిడ నా పక్కనే కూర్చుని ఒక్కో పళ్ల అచ్చూ చేతిలోకి తీసుకుని "ఇది ఎవరి పన్నే?" అని అడుగుతుంటారు. ఇన్నేళ్లలో మీరు గానీ మీ అన్నగారు గానీ ఆ ప్రశ్న ఒక్కసారి అడగలేదు.

పళ్లు మళ్లీ చెక్కాను. పక్కన స్టూలు వేసుకుని, సూది ఆగేదాకా కదల్లేదు. ఆదివారం వార్తలాయన వచ్చి కూర్చున్నారు. డాక్టరమ్మ పెట్టింది. ఆయన భయపడుతూ పేపరు తీసి గట్టిగా చదివారు, సముద్రమూ సమావేశమూ సస్పెన్షనూ అన్నీ వచ్చాయి, ఈల మాత్రం రాలేదు. నేను తలుపు వెనక నిలబడి ఏడ్చాను. సోమవారం పొద్దున్న అత్తయ్యగారూ నేనూ రేడియో పెట్టుకుని విన్నాం. డాక్టరమ్మ మళ్లీ పని పంపుతోంది.

కనుక నేను తిరిగి రాను. ఈ గది నాకు సరిపోయింది, వెనకాల ఇంకో చిన్న గది ఉంది, ఉండటానికి. మీరు రావచ్చు, అడ్రసు కవరు వెనక ఉంది. కానీ సెలవు దొరకగానే నేరుగా ఇక్కడికి రాకండి. ముందు మీ అన్నగారి ఇంటికి వెళ్లండి. అప్పుడు కూర్చున్నట్టే ఆయన పక్కన కూర్చోండి. మీకు జీతం రాని ఏడాదంతా మన పొయ్యి ఏ పనితో వెలిగిందో, మీరు ఆపమని నేర్పింది దేన్నో, ఆయన ముందు మీ నోటితో చెప్పండి. చెప్పి అప్పుడు రండి. చెప్పకుండా వస్తే అత్తయ్యగారు తలుపు తీస్తారేమో, కన్నతల్లి కదా. నేను తీయను.

ఇట్లు,
ప్రస్తుతం వేరే చిరునామాలో ఉంటున్న
మీ భార్య