నా ఏడుపును ఫైలులో నుండి తీసివేయుట గురించి

గని పర్సనల్ ఆఫీసరు గారి సముఖమునకు,

నేను కొలిపాక లింగవ్వను. కీర్తిశేషులు రాజయ్య భార్యను. వయసు డెబ్బై దాటినది. ఆధార్ కార్డులో తక్కువ పడినది, దానిని నమ్మవలదు. సెంటినరీ కాలనీలో కంపెనీ క్వార్టరులో ఉంటున్నాము. ఇంట్లో నేను, కోడలు శోభ, బడికి పోయే మనవడు రుత్విక్. నాకు చదువు రాదు. చెప్పి రాయిస్తున్నాను.

అయ్యా,

విషయం: నా కొడుకు సదానందం శవం ముందర నేను ఏడ్చిన ఏడుపును నా కోడలి మీద ఫిర్యాదుగా తీసుకోవద్దని, భర్త పోయినందుకు ఆమెకు రావలసిన డిపెండెంటు ఉద్యోగం ఆపవద్దని మనవి.

1. నా కొడుకు మీ గనిలో ఫిట్టరు. మొన్న ఎండాకాలంలో మొదటి షిఫ్టు చేసి వచ్చి, స్నానం చేసి, అన్నం ముందు కూర్చున్నాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకొని పక్కకు ఒరిగిపోయాడు. గుండె ఆగిందని దవాఖానలో కాగితం ఇచ్చారు. ఆ కాగితం తమ వద్దనే ఉన్నది.

2. నా బిడ్డ జమున బొంబాయి దగ్గర భీవండిలో ఉంటుంది. చావుకు అందుకోలేకపోయింది. "అవ్వా, తమ్ముని మొఖమన్న జూపియ్యే" అని మొత్తుకుంది. పక్కింటి సారక్కను వీడియో కాల్ పెట్టి ఫోను పట్టుమన్నది నేనే. సారక్క తప్పు ఇందులో లేదు. "ఇనవడ్తాందా బిడ్డా?" అని అడిగి మరీ గొంతు పెంచింది కూడా నేనే. జమున ఆ వీడియోను తన ఫోనులో దాచుకున్నది. దుఃఖం ఆగక తనవాళ్లకు పంపింది. అక్కడి నుండి తిరిగి తిరిగి మా కాలనీ గ్రూపులోకే వచ్చింది. దాని మీద "తల్లి చెప్పిన నిజం" అని ఎవరో రాశారట. మొత్తం వీడియో పెట్టండి అని ఇంకొకడు అడిగాడట. సినిమా అనుకున్నాడు కాబోలు. అట్లా తమ ఆఫీసుకు కూడా చేరింది.

3. అందులో ఉన్న మాట నాదే. కాదనను. "ఏం గలిపి పెడితివే శోభా, ఒక్క బుక్కకే నా కొడుకు పాయెగదనే" అన్నాను. శోభ ఉద్యోగం కాగితం ఏమైందని అడగడానికి తమ ఆఫీసుకు వచ్చాను. "నీ నోటితోనే ఉన్నది గదవ్వా, విచారణ అయ్యేదాక మేమేం జేస్తం?" అన్నాడు గుమాస్తా.

అయ్యా, తమరు కోస్తా వైపు నుండి వచ్చారని విన్నాను. మీ దిక్కు ఎట్లా ఏడుస్తారో నాకు తెలియదు. మా దిక్కు ఆడవాళ్లం శవం మీద పడి మాటలు కట్టి ఏడుస్తాం. ఎవరు దగ్గరికి వస్తే వాళ్ల మెడ పట్టుకొని, నువ్వే చంపితివని వాళ్లనే అంటాం. పరాయివాళ్లను అనం. శవం లేచినాక స్నానం చేస్తాం. అన్న మాటలు ఆ నీళ్లతోనే పోతాయి. ఎవరూ మనసులో పెట్టుకోరు, మళ్లీ అడగరు. మా అత్త కాలానికి ముందు నుండీ ఇదే రివాజు. ఫోను స్నానం చెయ్యదని నాకు ఆనాడు తోచలేదు.

4. అదే వీడియోలో సామ్యేల్‌ను కూడా అన్నాను. పిలవగానే ఆటో తెచ్చి నా కొడుకును దవాఖానకు మోసుకుపోయినవాడు. "జల్ది రాకపోతివి, నువ్వే జంపితివిరా" అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "నన్ను అనకుంటెనే బాధైతుండెనవ్వా, పరాయోణ్ని జేసినవని" అన్నాడు. మా మల్లన్న దేవుణ్ణి అన్నాను. మీ గని సైరన్‌ను అన్నాను, పొద్దున్నే కూసి నా కొడుకును లేపుకపోయిందని. దేవుడికి నోటీసు ఇచ్చారా? సైరన్ మీద విచారణ పెట్టారా? అందరిలోకి నా కోడలే దొరికిందా?

ఈ మాటలు తీసేద్దామని రాసే మనిషి అన్నది. తీయవద్దన్నాను.

5. ఇప్పుడు మా ఇంట్లో శోభ వండుతుంది గాని నాకు వడ్డించదు. గిన్నె నా ముందర పెట్టి, "నువ్వే ఏసుకో అత్తమ్మా, నా చెయ్యి తగిల్తె మల్ల ఏమన్న గలిపిన్నంటరు" అంటుంది. కోపంతో అనదు. కోపంతో అంటే తిరిగి తిట్టేదాన్ని, ఇద్దరికీ కొంచెం నిమ్మళమయ్యేది. మీ అమ్మ ఏం కలిపిందిరా అని రుత్విక్‌ను బడిలో పిల్లలు అడుగుతున్నారు. మొన్న మా క్వార్టర్ల లైనులోనే ఒక ముసలాయన చావుకు పోయాను. ఆడవాళ్లందరం కొంగులు నోట్లో కుక్కుకొని, ఎవరి చేతిలో ఫోనున్నదోనని చూసుకుంటూ కూర్చున్నాం. పాపం ఆ ముసలాయన ఎవరి చేతా ఒక్క మాటైనా అనిపించుకోకుండా, దిక్కులేనివాడి లెక్క పోయాడు. ఇదంతా నా నోరు చేసిన పని.

6. ఏడుపులో అన్న మాటకు మాఫీ అడిగే రివాజు మాకు లేదు. ఎన్నడూ అవసరం పడలేదు. ఎట్లా అడగాలో తెలియకనే ఈ అర్జీ రాయిస్తున్నాను. రాస్తున్నది శోభే. ఆమె నేర్పితే నేను చెబుతున్నానని అనుకోవద్దు. రాయడం వచ్చినవాళ్లు కాలనీలో ఇంటికొకరు ఉన్నారు. నేనే పట్టుబట్టి ఆమెను కూర్చోబెట్టాను. మూడో నంబరు దగ్గర కలం ఆపింది. "రాయి బిడ్డా, అన్న నోటితోనే జెప్తాన" అన్నాను. రాసింది.

కావున, సదరు వీడియోను ఫైలులో నుండి తీసి, నా ఏడుపు నాకు వాపసు ఇచ్చి, శోభకు ఉద్యోగం ఇప్పించవలెను. విచారణ తప్పదంటే నన్ను పిలవండి. అన్నదాన్ని నేను, జవాబు నేనే చెబుతాను. లేదా తమరే మా ఇంటికి రండి. తమరి ఎదుట శోభ తన చేత్తో వడ్డించాలి, నేను తినాలి. దానికి కూడా ఫోను పట్టి ఫైలులో పెట్టుకోండి.

ఇంత మాత్రం చిత్తగిస్తే చాలును. కింద తమ విధేయురాలు అని రాయాలట. రాయమన్నాను.

తమ విధేయురాలు,
కొలిపాక లింగవ్వ (ఎడమచేతి బొటనవేలి ముద్ర)

సాక్షులు: సారక్క, ఫోను పట్టినది
సామ్యేల్, ఆటో

రాసినది: శోభ

తా.క. ఇది అత్తమ్మ చెప్పలేదు, నేనే రాస్తున్నాను. ఆ రోజు నేను కూడా ఆమె మెడ పట్టుకొని ఏడ్చాను. "పాణం మంచిగలేదన్నా డ్యూటీకి తోలితివి, నీ కొడుకును నువ్వే తింటివి అత్తమ్మా" అన్నాను. అప్పటికే ఫోను ఆగిపోయింది. ఆ మాట అత్తమ్మ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఈ అర్జీలోనూ చెప్పలేదు. ఆమె ఏడుపును ఫైలులోనే ఉంచేటట్లయితే, నాది కూడా దాని పక్కన పెట్టవలెను.