కిటికీకి కింది సగం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇంట్లో ఎవరికీ జ్వరాలూ దగ్గులూ లేవు, అంతవరకు క్షేమమే. మీ ముగ్గురూ అలాగే ఉన్నారనుకుంటున్నాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో అయితే పక్క గదిలోంచి నాన్నకు వినిపిస్తుంది. పైగా సగం చెప్పగానే నువ్వు "పోనీలే అక్కా" అంటావు, నేనూ అక్కడితో ఆపేస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ బావ మోకాలు నయమైంది. అయినా మెట్లు దిగేటప్పుడు మాత్రం వీధంతా వినబడేలా మూలుగుతున్నారు. బుడ్డదాని ముందు పళ్ళు రెండూ ఊడిన ఫోటో అందింది. అందరం పళ్ళు చూసి నవ్వుతుంటే నాన్న గౌను చూశారు. "చంకల దగ్గర బిగుతుగా ఉంది. కుట్టు విప్పి ఒక వేలు వదలమను" అన్నారు. మిషను వదిలి ఆరేళ్ళయినా ఆయన కళ్ళు ఇంకా దర్జీ కళ్ళే. చేతులే మాట వినడం లేదు. వణుకు ఈ మధ్య ఎడమ చేతికి కూడా వచ్చింది. డాక్టరు మాత్ర మార్చాడు.

వంటింటి కిటికీకి కర్టెన్లు ఎంచడం అయిందా అని అడిగావు. ఆ కిటికీ నువ్వు చూశావుగా. ఐదడుగుల వెడల్పు, దాని కిందే భోజనాల బల్ల. పదకొండున్నర నుంచి మూడింటిదాకా ఎండ నేరుగా పళ్ళెంలోకి దిగుతుంది. బల్ల మీది నీలం గుడ్డ ఒక్క వేసవిలో తెల్లబడింది. మీ బావ నల్ల కళ్ళజోడు పెట్టుకుని మరీ భోంచేశారు. నాన్నకు మాత్రం అదే చోటు ఇష్టం. వెలుగుంటే పళ్ళెంలో ఏది ఎక్కడుందో తెలుస్తుందనేవారు. రోలర్ బ్లైండా, చెక్క పలకలదా, మామూలు గుడ్డా అని నెల రోజులు వాదించుకున్నాం. చివరికి నేనే తేల్చాను. ముదురు బూడిద రంగు, మందపాటి గుడ్డ.

ఇక నీ రెండో ప్రశ్న. "మీ ఇంట్లో నాకో మంచం పడుతుందా అని నాన్న ఎందుకు అడిగారు?" అన్నావు. నీమీద బెంగ పెట్టుకున్నారని ఫోన్లో చెప్పాను. అది అబద్ధం.

మా ఆఫీసు రోడ్డుకు అవతలే కదా. దాని క్యాంటీన్ కిటికీ సరిగ్గా మా వంటింటికి ఎదురు. నేను మధ్యాహ్నం ఇంటికొచ్చి నాన్నకు వడ్డించి వెళ్తాను. చెంచా నోటికి చేరేలోపు సగం ఒలుకుతుంది కాబట్టి ఆయన మెడకు తువ్వాలు కడతాను. ఒకరోజు ఆఫీసుకు తిరిగి వెళ్ళేసరికి మా క్యాషియర్ క్యాంటీన్లో అందరి ముందూ అంది:

"ఏమండోయ్, మీ ఇంట్లో చంటిపిల్లాడున్నాడని చెప్పనేలేదే! తువ్వాలు కనిపిస్తోంది మరి!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తమ్ముడూ. "అవును, మొండి పిల్లాడు" అని కూడా అన్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

ఆ శనివారమే కర్టెన్ల షాపతన్ని పిలిచాను. నాన్న తన కుర్చీలోనే ఉన్నారు. అతను టేపు తీసి పైనుంచి కొలవబోతే, కింది సగానికి చాలన్నాను.

"ఎండకి అన్నారు కదమ్మా?" అన్నాడతను. "ఎండ పైనుంచి కదా వచ్చేది! కింద సగం కడితే ఎండ ఆగదు. ఎదుటివాళ్ళకి కనబడకుండా ఉంటుందంతే."

"చెప్పినట్టు కొలవండి" అన్నాను. వీపు వెనక నాన్న ఉన్నారని తెలుసు. తిరిగి చూడలేదు.

కాసేపటికి నాన్న గొంతు వినిపించింది. మామూలుగానే ఉంది.

"బాబూ, రాడ్డు అక్కడ కాదు. ఇంకో జానెడు పైకి కొట్టు. నేను కూర్చుంటే తల అంతవరకు వస్తుంది."

అతను నా వైపు చూశాడు. నాన్నే మళ్ళీ అన్నారు: "కింద మడత నాలుగు వేళ్ళు వదులు. ఉతికితే ఆ గుడ్డ కుదించుకుపోతుంది. పొట్టిదైతే లాభం లేదు."

రాడ్డు జానెడు పైకే బిగించాడు. నేను వద్దనలేదు.

కర్టెన్ వచ్చిన మర్నాటి నుంచి నాన్న పళ్ళెం తన గదిలోకే తెమ్మన్నారు. మంచం మీద తినడమే సుఖంగా ఉందన్నారు. పదిహేను రోజుల్లో రెండు కిలోలు తగ్గారు. ఆయన నీకు ఫోన్ చేసి మంచం సంగతి అడిగింది ఆ రోజుల్లోనే.

మొన్న ఆదివారం కర్టెన్, రాడ్డు రెండూ ఊడదీశాను. ఆయన గదిలోకి వెళ్ళి, "నాన్నా, అది ఎండకి కాదు" అన్నాను.

"కొలత విన్నప్పుడే తెలిసిందమ్మా" అన్నారు. "నువ్వేం తప్పు చేశావు? ఆఫీసులో నలుగురిలో తిరగాల్సినదానివి."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పూట బల్ల దగ్గరికొచ్చారు. వచ్చి కుర్చీని ఇటు తిప్పి, కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. అప్పటినుంచి రోజూ అలాగే. అలా కూర్చుంటే ఆయన నీడే పళ్ళెం మీద పడుతుంది, ఇంకా ఎక్కువ ఒలుకుతుంది. మామూలుగా తిరిగి కూర్చోమని అడిగే ముఖం నాకు లేదు. క్యాషియర్‌తో మాత్రం నిన్న చెప్పాను: ఆయన మా నాన్న, నలభై ఏళ్ళు దర్జీగా బతికారు, చేతులు వణుకుతాయి అని. ఆమె తలదించుకుంది. ఆమె ఒక మాట అని మరిచిపోయింది, గుడ్డ కొన్నది నేను.

నాన్న మళ్ళీ అడిగితే మంచం ఉందనే చెప్పు. ఇక్కడుండాలో అక్కడికి రావాలో ఆయన ఇష్టం. వెళ్తానంటే నేను అడ్డుపడను. ఉండమని మాత్రం రోజూ అడుగుతాను. నువ్వు ఎన్నిసార్లు గుచ్చి అడిగినా, అమ్మాయి బాగా చూసుకుంటోందనే చెబుతారు. నామీద ఒక్క మాట కూడా చెప్పరు. అందుకే నేను రాయాల్సి వచ్చింది.

ఇట్లు,
నీ ముందు తలెత్తలేని
అక్క