ఫోనులో వద్దు డాక్టరమ్మా

డాక్టర్ టట్‌హిల్ గారికి ప్రభువు పేరట వందనాలు.

నడుము నొప్పికి గంజాయి మందు కొనుక్కోనిచ్చే నా కార్డుకు ఏటా మీరు చేసే పరీక్ష ఈసారి ఫోనులోనే కానిస్తామని మీ ఆఫీసులో అమ్మాయి చెప్పింది. "మూడు నిమిషాల పని పాస్టరుగారూ, ఆ నడుముతో వంద మైళ్లు ఎందుకండీ?" అంది. నిన్న ఆమె మళ్లీ ఫోను చేస్తే కావాలనే తీయలేదు.

గంజాయి సాతాను పంట అని ముప్పై ఏళ్లు గర్జించిన నోరు నాది. అందుకే మా సంఘంలో ఎవరికీ చెప్పుకోలేదు. నా భార్య లొరేన్ పోయాక నా నడుము మీద చెయ్యి పెట్టి "ఇక్కడేనా నొప్పి?" అని అడిగింది మీరొక్కరే. పోయినేడు "ఈ ఆకు మీద ప్రసంగం ఎప్పుడండీ?" అన్నారు. ఆ ఏడంతా నేను నవ్వింది అప్పుడే.

బైబిల్లో కష్టాలపాలైన యోబు పక్కన స్నేహితులు ఏడు రోజులు కూర్చున్నారు. నాకు పావుగంట చాలు. శుక్రవారంతో కార్డు గడువు తీరుతుంది. గురువారం వచ్చి మీ గుమ్మం ముందు కూర్చుంటాను. లోపలికి పిలవండి.

మీ రోగి