దేవుడి గూట్లో చుక్కల మందు

నవంబర్ 4, మంగళవారం

అత్తమ్మ కంటి పట్టీ విప్పారు. కుడి కన్ను. ఉన్న ఒక్క కన్ను. ఎడమది బర్రె కొమ్ము తగిలి ఎప్పుడో పోయింది, నేను ఈ ఇంటికి రాకముందే.

"పద్మా, నీ చీర పచ్చగున్నదే!" — శుక్లం పొర తీసిన కంటితో నన్ను చూసి అన్న మొదటి మాట. ఆస్పత్రి వరండాలో అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

రెండు సీసాలు ఇచ్చారు. ఒకటి చీము పట్టకుండా. రెండోది, తెల్ల మందు, వాపుకూ నొప్పికీ. అది రోజుకు ఆరుసార్లు. "కన్ను మంచిగైందని ఆపేయొద్దమ్మా, మేం చెప్పినట్టే మెల్లగా తగ్గించాలె" — సిస్టర్. మందుల షాపు భాయ్ కూడా... "భాభీ, హిలాకే డాల్నా."

ఊపాలి. గుర్తుంచుకోవాలి.

నవంబర్ 5, బుధవారం

కార్తీక పున్నమి. మందు శుభ్రమైన జాగాలో పెట్టమని సిస్టర్ అంది కదా — అత్తమ్మ లెక్కలో ఇంట్లో శుభ్రమైన జాగా ఒక్కటే. దేవుడి గూడు. అమ్మవారి పటం ముందు, పసుపు డబ్బా పక్కన రెండు సీసాలు. మందు తీసిన ప్రతిసారీ కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి.

"మందంటే మజాకా? అమ్మోరి సల్లని చూపు దానిమీద పడాలె."

సరే. పడనీ.

నవంబర్ 7, శుక్రవారం

ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది. మధ్యలో పాలు పిండడం, పేడ ఎత్తడం, పెరుగు తోడుపెట్టడం, గిన్నెలు పట్టుకొచ్చిన వాళ్ళకు పోయడం. ఇంతకుముందు సగం పని అత్తమ్మదే. ఈయన తెల్లవారకముందే నల్లా లైన్ల డ్యూటీకి పోతాడు. గౌలిపుర, మాదన్నపేట వాల్వులన్నీ తిప్పి వచ్చేసరికి పొద్దుగూకుతుంది.

నడుము పడిపోతోంది. ఎవరికి చెప్పను.

నవంబర్ 9, ఆదివారం

చెప్పేశాను. "అత్తమ్మా, బయటున్న."

కాలేదు. రేపో ఎల్లుండో అవుతుంది. అయినా చెప్పాను.

ఈ ఇంట్లో నాకు దొరికే సెలవు నెలకు ఆ నాలుగు రోజులే. వెనక గది, ఒక చాప, ఒక గ్లాసు, ఒక పళ్ళెం. పాలు పిండడానికి మల్లన్న వస్తాడు. నన్నెవరూ పిలవరు. ఈసారి ఒక్క రోజు ముందే కావాలనిపించింది. ఒక్క రోజు... పొద్దెక్కేదాకా పడుకున్నాను. సిగ్గులేకుండా నిద్రపట్టింది.

అత్తమ్మ గోడ దగ్గరికి పోయి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్న చుట్టింది. పెళ్ళయిన ఏడాది నుంచీ చుడుతోంది. పదకొండేళ్ళు. మొదట్లో, సున్న చుట్టిన రోజు నాతో మాట్లాడేది కాదు. ఇప్పుడు అదొక అలవాటు, అంతే.

నవంబర్ 10, సోమవారం

నిజంగానే అయింది.

పన్నెండింటికి గడప ఇవతల నిలబడి అడిగాను. "సీసా ఇటియ్యి అత్తమ్మా, నేనేస్త."

"కార్తీకంల, గా చేత్తోని, అమ్మోరి ముందటి మందు ముడ్తవానే?"

పక్కింటామెను పిలవనా అంటే — "పరాయి చెయ్యి నా గూట్ల పెట్టనియ్య."

తనే వేసుకోబోయింది. చేతులకు వణుకు. చుక్క చెంప మీద పడింది. మళ్ళీ చెంప మీదే. మూడోది జాకెట్టు మీద. "పోనీ తియ్. కన్ను మంచిగనే ఉన్నది. పొద్దుగాల కొడుకు ఏసిండు, మాపటికి మళ్ళ వాడే ఏస్తడు."

ఆరింటిలో రెండు.

నవంబర్ 12, బుధవారం

ఈయనతో అన్నాను, అమ్మకు నువ్వైనా చెప్పమని. "నాలుగు దినాలకు ఏమైతది? ఎందుకు లొల్లి."

నేనూ గట్టిగా అనలేదు. ఇది రాసిపెట్టుకోవాలి. నోరు లేక కాదు. గట్టిగా అంటే లేవాల్సి వస్తుందని. చాప మీది నుంచి లేవబుద్ధి కాలేదు.

నవంబర్ 13, గురువారం

అత్తమ్మ కన్ను తుడుచుకుంటోంది. మాటిమాటికీ. "దుమ్ము వడ్డట్టున్నది."

నవంబర్ 14, శుక్రవారం

తలకు పోసుకుని, జుట్టు తుడవకుండానే గూటి దగ్గరికి ఉరికాను. కన్ను ఎర్రగా ఉంది. రెప్ప ఉబ్బింది. కిటికీ వైపు తిరగలేకపోతోంది. "లోపల పోట్లు పొడుస్తున్నయే..."

నా చీర ఏ రంగు, అత్తమ్మా?

చాలాసేపు చూసింది. "తెల్లదా?"

ఎర్రది కట్టుకున్నాను.

నవంబర్ 15, శనివారం

ఆస్పత్రి. డాక్టరమ్మ యంత్రంలోంచి చాలాసేపు చూసింది.

"మందు ఎవరు వేస్తున్నారు? ఎన్నిసార్లు?"

అత్తమ్మ వెంటనే — "నా కోడలేస్తదమ్మా. ఆరుసార్లు. ఒక్కటి తప్పలే."

నన్ను కాపాడటానికి అబద్ధం! ఆమె తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

లేదు మేడం, అయిదు రోజులు రెండుసార్లే పడ్డాయి అన్నాను. ఎందుకు? చెప్పాను. గదిలో ఉన్న చిన్న డాక్టర్ తల వంచుకుంది. డాక్టరమ్మ అరవలేదు. "చదువుకున్నదానివే కదమ్మా నువ్వు..." అని ఆపేసింది. లోపల వాపు తిరగబెట్టిందట. కన్ను వెనక పొర దాకా పోయిందట. అది దిగితేనే చూపు. ఎంత వస్తుందో ఇప్పుడు చెప్పలేం.

అయిదు రోజులన్నాను. అందులో మొదటి రోజు అబద్ధమని అనలేదు. ఆ ఒక్క రోజుకే కన్ను పోయిందా, ఆ రోజు వేసి ఉంటే నిలిచేదా... ఎవరినని అడగను?

నవంబర్ 16, ఆదివారం

గంటకొకసారి. ఊపు. కింది రెప్ప లాగు. ఒక్క చుక్క. రెప్ప మూయించు. మళ్ళీ గంట.

నవంబర్ 19, బుధవారం

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. అసహ్యం. నా మీద నాకే.

నవంబర్ 23, ఆదివారం

పాలలో నీళ్ళున్నాయా లేదా అని అత్తమ్మ బొటనవేలి గోరు మీద ఒక బొట్టు వేసి చూసేది. జారితే నీళ్ళు, నిలిస్తే పాలు. ఇవాళ కూడా వేసుకుంది. గోరు ముఖం దగ్గరికి, ఇంకా దగ్గరికి... చివరికి నాకి వదిలేసింది. నేను చూడలేదనుకుంది.

బర్రెలను మాత్రం అడుగుల చప్పుడుతోనే పోల్చుకుంటోంది.

నవంబర్ 26, బుధవారం

గూటి ముందు చాలాసేపు కూర్చుంది. పెదవులు కదులుతున్నాయి. ఏం మొక్కుతున్నవు అత్తమ్మా అంటే, "నీకెందుకే." చాలా రోజులకు నవ్వింది. నవ్వాక నాకు ఇంకా భయమేసింది, ఎందుకో.

డిసెంబర్ 1, సోమవారం

మళ్ళీ డాక్టరమ్మ. ముందున్న ఎరుపు పోయింది, నొప్పి తగ్గింది. వెనక పొర వాపు అలాగే ఉంది. రోజుకు ఆరుసార్లకు దించింది. "ఇంకో నెల. ఈసారి ఒక్క రోజు తప్పినా నా చేతుల్లో ఉండదు." అది నన్ను చూసి అన్నది.

ఆటోలో అత్తమ్మ — "మళ్ళ నీ దినాలొస్తే ఎట్లనే? వాడిని లీవు పెట్టమందాం."

ఇంటికొచ్చి అడిగితే ఈయన — "లీవెవడిస్తడు? నల్లా రాకుంటే బస్తీ ఊకుంటదా?"

సీసా గూట్లోంచి తీసి బయట పెడదామన్నాను. ముఖం తిప్పుకుంది. "అమ్మోరిమీద ఒట్టు. గూడు దాటితే నేను ఏసుకోను." కన్ను పోతున్నా సరే. ఏం మనిషి! పీక పిసుక్కోవాలనిపించింది, ఆమెది కాదు, నాది.

అయితే నాకు తోచిన దారి ఒక్కటే.

డిసెంబర్ 7, ఆదివారం

తెల్లవారుజామున అయింది.

చెప్పలేదు. ఈయనకు కూడా. స్నానం చేసి, చేతులు రెండుసార్లు కడుక్కుని, గూట్లో చెయ్యి పెట్టాను. పెళ్ళయ్యాక ఇట్లా ముట్టడం ఇదే మొదలు. చెయ్యి కాలుతుందేమో అన్నంత భయం... నాకేనా, ఇంటర్ చదివినదానికి! ఏమీ కాలేదు. అమ్మవారు నన్నే చూస్తోంది. చూడనీ. ఆమెకు మూడు కళ్ళున్నాయి. మా అత్తమ్మకు ఒక్కటే.

చుక్క సరిగ్గా పడింది. "సల్లగున్నదే," అంది అత్తమ్మ.

డిసెంబర్ 8, సోమవారం

ఆరూ పడ్డాయి.

డిసెంబర్ 9, మంగళవారం

ఆరూ. చాటుగా గుడ్డలు ఉతుక్కోవడం, పశువుల కొట్టం వెనక ఆరేసుకోవడం. దొంగతనం చేస్తున్నట్టుంది.

మూడింటి చుక్క వేశాక — "పద్మా, తారీఖెంతనే?" తొమ్మిది అన్నాను. వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంది.

డిసెంబర్ 10, బుధవారం

"ఇంక బయట కూసోలేదేందే?"

ఇంకా కాలేదత్తమ్మా.

"మ్." అంతే. ఆ "మ్"లో ఏముందో అర్థం కావడం లేదు నాకు.

డిసెంబర్ 11, గురువారం

నీళ్ళ బకెట్ ఎత్తుతుంటే కేకేసింది. "దించు! మల్లన్నను పిలు." చప్పుడు విని. సాయంత్రం మీగడంతా నా గ్లాసులోకి తీసింది, తడుముకుంటూ. తాగేదాకా పక్కనే నిలబడింది.

అర్థమైంది. పదకొండేళ్ళుగా నాకు రోజు తప్పింది లేదు. ఒక్క పూట కూడా.

అలవాటు అనుకున్నాను ఆ సున్నలు. అలవాటు కాదు.

డిసెంబర్ 12, శుక్రవారం

పొద్దున ఆరింటి చుక్క వేయబోతే రెప్ప మూసుకుంది. వేడినీళ్ళు పోసుకున్నాక తీసుకుంటుందిలే అనుకున్నాను. తొమ్మిదింటికీ మూసుకుంది.

"ఇంక వద్దు తియ్యి."

నొప్పిగా ఉందా?

"నొప్పి లేదు, ఏం లేదు. ఇట్ల కూసో." నా చెయ్యి వెతికి పట్టుకుంది. అదే చెయ్యి. "ఎవరికీ జెప్పకు, వానిక్కూడ. మూడు నెల్లు పడనియ్యి. మొన్న అమ్మోరికి మొక్కిన. తల్లీ, నాకు ఈ కన్నెందుకు, తీస్కో, నా కోడలి కడుపుల ఒక కాయ ఎయ్యి అని. తీస్కున్నది. ఇచ్చింది. ఇచ్చిన కన్ను మళ్ళ అడుగుతనా? మందేస్తే అడిగినట్టే గదనే."

నవ్వుతోంది. నీళ్ళు కారుతున్నాయి, ఆ కన్ను నుంచే. ఇంత సంతోషంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు.

లేదత్తమ్మా, నాకు ఆదివారమే అయింది అంటే — ఈ అయిదు రోజులూ ఏ చేత్తో వేశానో తెలుస్తుంది. ఇంక ఏ చుక్కా నా చేత్తో వేయించుకోదు. ఈ మొఖం మళ్ళీ ఇట్లా వెలగదు. అనకపోతే కన్ను పోతుంది. నేను దగ్గరుండి పోగొట్టినట్టే.

"ఏందే, మాట్లాడవు? సంతోషం కాదా?"

అవునత్తమ్మా అన్నాను. ఎందుకన్నాను!

గోడ గడియారం పన్నెండు కొట్టింది. సీసా ఊపి మూత తీసి పట్టుకున్నాను. ఆమె రెప్ప మూసుకుని, నా కడుపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఎడమ చేత్తో ఇది రాస్తున్నాను, వంకర టింకరగా. పన్నెండింటి చుక్క ఇంకా వేయలేదు.