సగం బ్యాటరీ షరతు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నేను దారి తప్పాననీ, నాకు మతి తప్పుతోందనీ నీ ముద్దుల మేనల్లుడు బంధువులందరికీ ఫోన్లు చేసి చెబుతున్నాడట. దారి నేను తప్పలేదు, నా కన్నకొడుకే తప్పించాడు. ఈ కరెంటు కారును ఎక్కడెక్కడ ఆపి ఛార్జింగ్ పెట్టుకోవాలో చెప్పే యాప్‌ను తన ఫోనుకూ కలుపుకొని, బ్యాటరీ సగానికన్నా తగ్గకూడదని నాకు చెప్పకుండా షరతు పెట్టాడు. దాంతో అది మాటిమాటికీ నన్ను పెద్దరోడ్డు దింపి సందుగొందులన్నీ తిప్పింది. ఒక ఛార్జింగ్ స్టేషన్‌లో వరుసలో నా వెనకున్నావిడ, "మామ్మగారూ, మీ బండి కడుపు నిండే ఉందిగా, మా బండినీ కాస్త తిననివ్వండి!" అని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. అనుమానం వచ్చి యాప్ తెరిచి చూస్తే, మార్పు చేసినవాడి పేరు కనిపించింది. ఫోన్ చేసి అడిగితే, "నీ మంచికేగా అమ్మా, నడిరోడ్డు మీద ఆగిపోతే నీకెవరు దిక్కు?" అన్నాడు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదానికి బ్యాటరీ లెక్క వాడు నేర్పుతాడు!

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా కుండీలకు నీళ్లు పోయమని మరదలితో చెప్పు. మా ఇంటి రెండో తాళంచెవి వాడి దగ్గరుంది, అడిగి నువ్వు తీసుకో.

ఆదివారం మీరంతా కూర్చుని, నా కారు అమ్మించి నన్ను వాడింటికి చేర్చే సంగతి తేలుస్తారట. నా కోసం ఎదురుచూడకండి. పిల్లలకు దీవెనలు. యాప్‌లోంచి వాడి ఫోనును ఈ ఉదయమే తీసేశాను. సాయంత్రానికి నా స్నేహితురాలి ఊరు చేరతాను. చలికాలమంతా అక్కడే ఉంటాను.