సొసైటీ ముందు నా చెప్పులు

ఆగస్టు 2025, శుక్రవారం. గల్ఫ్‌లో అల్ వర్సాన్ కూలీల క్యాంపు.

బాత్రూం వరుసలో బకెట్ పెట్టి, ఊళ్లో ఉన్న నా భార్య లక్ష్మికి ఫోన్ చేశాను. యూరియా కోసం పొద్దున్నుంచి సహకార సొసైటీ దగ్గరే ఉందట.

"కాళ్లు గుంజుతున్నయని అందరు లైన్ల చెప్పులు పెట్టి నీడకు కూసున్నరు. నేను ఇంట్లకెల్లి నీ చెప్పులు తెచ్చి పెట్టిన. పట్టా నీ పేరు మీదనే ఉన్నది గదా!"

నవ్వాను గానీ ఒళ్లు మండింది. నిజాం రోజుల్లో మా తాత దొర గడీ ముందు చెప్పులు విప్పి చేతబట్టుకుని నడిచేవాడు. ఇప్పుడు దొర లేడు. సొసైటీ రైతులదేనట, నేనూ సభ్యుణ్ణేనట. అయినా చెప్పులు విప్పడం మాత్రం తప్పలేదు.

సాయంత్రం మళ్లీ చేశాను.

"మన వంతు రాకముందే యూరియా లారీ ఖాళీ అయింది. రేపటికి లైన్ల జాగ పోవద్దని నీ చెప్పులు ఆడనే ఇడిసిపెట్టి వచ్చిన."

తాత చెప్పులు కనీసం ఆయన చేతిలో ఉండేవి.